డ్రైవరు సీటు కదులుతోందా? డాలరు తీసే ముందు వేలు పెట్టి చూడండి

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. ఎమ్మెస్ చదవడానికి టెక్సాస్ వచ్చి ఆరు నెలలయింది. నలుగురం కలిసి ఒక పాత కారు కొన్నాము. బ్రేకు వేసినప్పుడల్లా డ్రైవరు సీటు కొద్దిగా ముందుకు కదిలి ‘టక్’ మంటోంది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే సీటు మొత్తం మార్చాలని, 900 డాలర్లు అవుతుందని అన్నారు. మార్పించమంటారా? లేక కొన్నాళ్ళు ఇలాగే నడపవచ్చా?

జవాబు: మీ రెండవ ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఆ సీటుతో హైవే ఎక్కవద్దు. మొదటి ప్రశ్నకు జవాబు అంత పొట్టిది కాదు. 900 డాలర్లంటే ఈనాటి మారకంలో ముప్పావు లక్షకు పైమాటే. డాలర్లలో బతికేవారు రూపాయల్లో లెక్క వేసుకోకూడదని మా అబ్బాయి నాకు తరచుగా పాఠం చెబుతుంటాడు. మీరింకా సంపాదనలో పడలేదు కనుక నిస్సంకోచంగా వేసుకోండి. నేను ఇరవై ఏళ్ళకు పైగా సంపాదిస్తూ కూడా వేసుకుంటూనే ఉన్నాను, దాని వలన నాకు నష్టమేమీ జరగలేదు. జరిగిన నష్టమంతా లెక్క తొందరగా వేసి, చూడవలసినది చూడకపోవడం వలన జరిగింది.

2004లో నేను టెక్సాస్‌లోని డెంటన్‌లో దిగినప్పుడు డాలరు సుమారు నలభై అయిదు రూపాయలు. నా మొదటి కారును 2,300 డాలర్లకు కొన్నాను. అంటే లక్షా మూడు వేల అయిదు వందల రూపాయలు. ఈ అంకె నాకు ఎక్కం కన్నా బాగా కంఠస్థం. అది ఒహాయో నుంచి వచ్చిన బండి అని అమ్మినాయన చెబితే, అదేదో బండికి ఉన్న గొప్పతనమనుకున్నాను. మంచు పడే రాష్ట్రాలలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారని, ఆ ఉప్పునీళ్ళు బూట్లతో పాటు లోపలికి చేరి కార్పెట్ కింది రేకును తినేస్తాయని విజయవాడ బందరు రోడ్డులో పెరిగినవాడికి ఎలా తెలుస్తుంది?

కొన్న నెలకు లూయిస్‌విల్ దగ్గర ముందు బండ్లు ఉన్నట్టుండి నెమ్మదించాయి. బ్రేకు తొక్కగానే సీటు నాతో సహా ముందుకు జారి, మోకాళ్ళు స్టీరింగు కింది భాగానికి కొట్టుకున్నాయి. ట్రాఫిక్కు కదిలిన తరువాత ఆక్సిలరేటరు తొక్కితే అదే సీటు వెనక్కు పోయి, కాలు పెడలుకు అందలేదు. పక్కన కూర్చున్న మా తెనాలి రూమ్మేటు ఇల్లు చేరేదాకా ఆంజనేయ దండకం ఆపలేదు. నాకు మాత్రం ఆ దారి పొడుగునా ఒకటే ఆలోచన: దీనికి ఎంతవుతుంది?

ఆ ఆలోచనే నన్ను ముంచింది. మొదట డబ్బు ఖర్చు కాకుండా రెండు చెక్కముక్కలు చెక్కి సీటు కింద, అది ముందుకూ వెనక్కూ జారే ఇనుప పట్టాలో దోపాను. దానితో సీటును ఒక చోట పట్టి ఉంచే లాకు కూడా సరిగా పడకుండా పోయింది. తరువాత ఒక వర్క్‌షాపుకు తీసుకువెళితే, చూసినందుకే 85 డాలర్లు తీసుకుని, మీకు చెప్పిన మాటే నాకూ చెప్పారు: సీటు మొత్తం మార్చాలి. ఆటోనగర్‌లో చూసినందుకు డబ్బు అడిగే అలవాటు చూడని నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆ ఉక్రోషంతో బోల్టులే లూజయి ఉంటాయని నాకు నేనే తీర్పు చెప్పుకుని, నక్షత్రం ఆకారపు బిట్లు నాసిరకంవి కొని, ఒక సైజు చిన్నది పెట్టి బలమంతా ఉపయోగించి తిప్పాను. వెనుక బోల్టు తల అరిగి నున్నగా గుండు అయింది. దానిని ఊడదీయించడానికి ఇంకొక మెకానిక్కు 120 డాలర్లు సమర్పించుకున్నాను.

ఆయన సీటును పైకెత్తి పక్కకు వంచినప్పుడు లోపలి వైపు పట్టాలోంచి ఒక నాణెం జారి నేల మీద పడి దొర్లింది. క్వార్టరు, అంటే మన లెక్కలో పావలా. పట్టాలో వరుసగా ఉండే గాళ్ళలో లాకు పళ్ళు దిగవలసిన చోట అది ఇరుక్కుని కూర్చుంది. సీటుకు రెండు పట్టాలుంటే ఒకదానికే లాకు పడుతోంది, రెండవది పడుతున్నట్టు నటిస్తోంది. పావలా కోడికి ముప్పావలా మసాలా అన్న సామెతను నేను ఆ రోజు వరకు వంటకు సంబంధించినదనే అనుకున్నాను.

ఆయన ఇంకొక మాట కూడా చెప్పాడు. జారడం ఆగినా సీటు వెనుక మూలలో కొద్దిగా ఊగుతుందని, అక్కడ నేల రేకుకు అతికించి ఉండే నట్టు తుప్పుతో కదిలిపోయిందని, దానికి వెల్డింగు చేయించుకోవాలని. నేను నమ్మలేదు. ఇంటికి వచ్చి, తుప్పును నా కళ్ళతో చూడాలని సీటు మళ్ళీ ఊడదీసి, కింద ఉన్న ఎయిర్‌బ్యాగు తీగల పసుపు రంగు కనెక్టరు పీకి, పని చేస్తున్నంతసేపు పాటలు వినబుద్ధి అయి తాళం తిప్పాను. ఎయిర్‌బ్యాగు దీపం వెలిగింది, కనెక్టరు మళ్ళీ పెట్టినా ఆరలేదు. దానిని ఆర్పించడానికి 140. మొత్తం 345 డాలర్లు, అంటే 15,525 రూపాయలు. వెల్డింగు ఖర్చును ఈ లెక్కలో కలపలేదు, కలిపితే ఈ రాత్రికి కూడా నిద్ర పట్టదు. తుప్పు మాత్రం ఆయన చెప్పినట్లే ఉంది.

ఇప్పుడు నేను సెలవులకు విజయవాడలో ఉన్నాను. పటమటలో మా ఇంటి నుంచి ఆటోనగర్ నడిచి వెళ్ళేంత దూరం. మొన్న గుంటూరు నుంచి వస్తూ కాజ టోల్‌గేటు దగ్గర మా బావమరిది బ్రేకు వేస్తే అతని సీటు కూడా ‘టక్’ మంది. మరునాడు ఆటోనగర్‌లో సీట్ల పని చేసే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళాము. ఆయన స్పానరు ముట్టుకోలేదు. మా వాణ్ణి సీట్లో కూర్చోబెట్టి, తాను బయట గొంతుకూర్చుని, పట్టా నేలను ఆనుకునే చోట రెండు వేళ్ళు పెట్టి, “ముందుకీ వెనక్కీ ఊగండి సార్” అన్నాడు. తరువాత వేళ్ళను పై పట్టా, కింది పట్టా కలిసే సందులో పెట్టి మళ్ళీ ఊగమన్నాడు. అటువైపుకు వెళ్ళి అదే పని చేశాడు. “బోల్టు కాదు సార్, లాకు ఒక పక్కే పడుతోంది,” అని నిమిషంలో తేల్చాడు. రెండు లాకులనూ కలిపే తీగ సాగి ఉంది. సరిచేసి 300 రూపాయలు తీసుకున్నాడు. 2004లో ఆయన రెండు వేళ్ళు నా దగ్గర ఉంటే 15,000 మిగిలేవి.

మీరు చేయవలసిన పని అదే. వీడియోలు చూసి ముందు బోల్టుల మీద పడే తరానికి ఇది మరీ సాదాగా కనిపించవచ్చు, అయినా చేయండి. కారును సమతలంగా ఉన్న చోట ఆపి, ఇంజను కట్టేసి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఒకరు కూర్చుని ఊగుతుంటే ఇంకొకరు టార్చి పట్టుకుని వేళ్ళతో తడిమి చూడండి. కదలిక పుట్టే చోట్లు ముఖ్యంగా నాలుగు. పట్టాకూ నేలకూ మధ్య కదిలితే బోల్టో, దాని కింది నట్టో, లేదా నేల రేకో. కింది పట్టా నిలిచి ఉండి పై పట్టా కదిలితే లాకు పడకపోవడమో, పట్టా లోపలి గుండ్లూ రోలర్లూ అరగడమో. పట్టాలు రెండూ నిలిచి సీటు చట్రం మాత్రమే ఊగితే ఎత్తు సవరించే లింకుల కీళ్ళలోని బుష్షులు అరగడం. కూర్చునే భాగం బిగుతుగా ఉండి వీపు పలక ఒక్కటే ఊగితే వంచే మర, అంటే రిక్లైనరు. బటన్లతో జరిగే కరెంటు సీటయితే లాకుకు బదులు మోటారు తిప్పే స్క్రూ, గేర్లు ఉంటాయి. అవి అరిగితే బ్రేకు వేసినప్పుడూ, బండి కదిలినప్పుడూ ఇదే ‘టక్’ వినిపిస్తుంది.

మీరు రాసిన లక్షణాన్ని బట్టి నా అనుమానం లాకు మీదికే పోతోంది. చేతితో జరిపే సీటయితే కింది కడ్డీ పైకెత్తి సీటును ఒకటి రెండు గాళ్ళు జరిపి వదలండి. రెండు పక్కలా ఒకేసారి లాకు పడిన శబ్దం రావాలి. ఒక పక్క మాత్రమే పడితే సీటు కొద్దిగా మెలితిరిగినట్లు కదులుతుంది. అక్కడ మీ డ్రైవరు సీటు ఎడమ వైపు కనుక లోపలి పట్టా మీ కుడి చేతి వైపు ఉంటుంది. చిల్లర, పెన్నులు, వేరుసెనగ పలుకులు అన్నీ సీటుకూ కన్సోలుకూ మధ్య ఉన్న ఆ సందులోకే పోతాయి. వ్యాక్యూమ్‌తో పీల్చి, టార్చి వేసి గాళ్ళన్నీ చూడండి. నలుగురు పంచుకునే బండి అంటున్నారు, నలుగురి చిల్లరా అందులో ఉండవచ్చు. దొరికితే సమానంగా పంచుకోండి.

బోల్టులు చూడాలంటే సీటును పూర్తిగా వెనక్కు జరిపితే ముందువి, పూర్తిగా ముందుకు జరిపితే వెనుకవి బయటపడతాయి. ప్లాస్టిక్ మూతలుంటే మెల్లగా తీయండి. బిగించవలసి వస్తే సరైన సైజు బిట్టుతో, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో, మీ కారు సర్వీసు మాన్యువల్ చెప్పిన అంకెకే బిగించండి. కొనవలసిన అవసరం లేదు, ఆటోజోన్ వంటి దుకాణాలు డిపాజిటు తీసుకుని పనిముట్లు అరువిస్తాయి, తిరిగి ఇస్తే డిపాజిటు తిరిగి వస్తుంది. ఈ సౌకర్యం సంగతి నాకు మూడేళ్ళ తరువాత తెలిసింది. బోల్టు తిరుగుతూనే ఉండి బిగుసుకోకపోతే అక్కడ ఆగిపోండి. అది నట్టో రేకో పాడయిన గుర్తు, మీ చేతి పని కాదు.

సీటు ఊడదీసే సాహసం మీరు చేయవద్దు. సీటులో ఎయిర్‌బ్యాగు ఉండవచ్చు, పక్క సీటు కింద కూర్చున్నవారి బరువు కొలిచే సెన్సరు ఉండవచ్చు. బ్యాటరీ తీగ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగకుండా ఆ పసుపు కనెక్టరు జోలికి పోకూడదు. పాటలు వినాలనిపించినా తాళం తిప్పకూడదు.

నియమాల సంగతి రెండు మాటలలో చెబుతాను, వివరాలు మీరు సులభంగా చూసుకోగలరు. కారు గుర్తింపుకు ఉండే 17 అక్షరాంకెల విన్ నంబరును ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో కొట్టి, సీటు మీద రీకాల్, అంటే లోపం ఉందని బాగుచేయడానికి బండ్లను వెనక్కు పిలిచే ప్రకటన, ఉందేమో చూడండి. ఉంటే, బండి మొదటిసారి అమ్ముడై పదిహేనేళ్ళు దాటకముందే ఆ రీకాల్ ప్రకటించి ఉంటే, తయారీదారు ఉచితంగా బాగుచేయాలి. ఉచితం అన్న మాట చూసి కూడా ఈ పని వాయిదా వేసేవారిని నేను చాలామందిని చూశాను, నాకు వారు అర్థం కారు. 2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత కార్లకు ఏటేటా భద్రతా తనిఖీ ఎత్తివేశారు కనుక, సీటు ఊగుతోందని మీకు చెప్పేవారు ఇక లేరు. కారు ‘యాజ్ ఈజ్’, అంటే ఉన్నది ఉన్నట్లుగా, అని రాసిన కాగితంతో కొని ఉంటే అమ్మినవారి మీద ఆశ పెట్టుకోవద్దు.

హైవే వద్దన్నది ఎందుకో కూడా చెప్పాలి కదా. చాలా కార్లలో బెల్టు బకిల్ సీటుకే బిగించి ఉంటుంది, అంటే సీటు జారితే బెల్టు కూడా జారినట్లే. అమెరికా ప్రమాణాల ప్రకారం సీటు తన బరువుకు 20 రెట్ల బలాన్ని తట్టుకుని నిలవాలి. ఆ బలం లాకు రెండు పక్కలా పడినప్పటి మాట.

ఇంతా చూసిన తరువాత లాకే పాడయిందని తేలితే, అప్పుడు కూడా 900కు వెంటనే తల ఊపవద్దు. అక్కడ పనివాడి కూలి గంటకు వంద డాలర్లు దాటడం మామూలే కనుక విడిభాగానికి ఎంత, కూలికి ఎంత అని విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. పట్టా ఒక్కటే మార్చవచ్చా అని అడగండి. పాత కార్లు విప్పి అమ్మే యార్డులో అదే మోడలు, అదే సంవత్సరం, అదే రకం ఎయిర్‌బ్యాగు ఉన్న కారు పట్టా దొరికితే ధర బాగా తగ్గుతుంది. తుప్పు లేనిదో కాదో చూసుకుని, బిగింపు మాత్రం పని తెలిసినవారి చేతనే చేయించండి.

ఊగేటప్పుడు వేలికి ఎక్కడ కదలిక తగిలిందో నాకు రాయండి. మీ అమ్మగారికి మాత్రం సీటు బిగిసిన తరువాతనే చెప్పండి. నేను ముందే చెప్పేసి, ఆమెను ఊరడించడానికి ఆ నెల ఫోను కార్డులకే 18 డాలర్లు పోశాను, అంటే 810 రూపాయలు.