పళ్ల జోలికి వెళ్లకు

చిట్టీ,

నటనలోకి దిగుతున్నావని మీ అమ్మ చెప్పగానే ఎంత గర్వపడ్డానో! ఆడిషన్లకు ముందు పళ్లకు క్లిప్పులు పెట్టించుకుంటావని కూడా అంది. అది విన్న దగ్గర్నుంచి మనసు మనసులో లేదు.

ఆడిషన్లకు పంపే ఫొటోలు నాలుగు చాలు: ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచీ చెరొకటి, నిలువెత్తుది ఒకటి. చర్మం నునుపు చేయించకు, ఎత్తు ఉన్నదున్నట్టు రాయి. ఆడిషన్ వీడియోకి కెమెరా కంటి ఎత్తులో, వెలుగు ముందు నుంచి, చూపు లెన్స్ పక్కన. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

పళ్ల సంగతే చెప్పాలి. నాలుగు వేషాలు రాగానే ఆ డబ్బుతో ముఖం సరిచేయించుకోవడం ఈ రంగంలో చాలా పాత తప్పు. ఆ పని చేశాక అందమైన వేషాలు రావు, ఆ వరుసలో అప్పటికే బోలెడు మంది ఉంటారు. పాత వేషాలూ రావు, ఎందుకంటే వేషాలిచ్చేవాళ్లకు గుర్తున్న ముఖం ఇప్పుడు లేదు. వంకర పళ్ల హాలీవుడ్ నటుడు స్టీవ్ బుషెమిని పళ్లు సరిచేస్తామని డెంటిస్టులు అడిగితే, అది తన జీవనోపాధిని చంపుకోవడమే అన్నాడు.

క్లిప్పులంటే మామూలుగా ఏడాదిన్నర, రెండేళ్లు. అన్నాళ్లూ పళ్లు కదులుతూనే ఉంటాయి. ఈ నెల తీసిన సీనుకీ, మూడు నెలల తర్వాత అదే సీనులో మిగిలిన ముక్కలు తీసే ప్యాచ్‌వర్కుకీ కంటిన్యుటీ కుదరదు, ముఖం ఒకేలా కనిపించదు. పైగా స, ష పలికేటప్పుడు గాలి పళ్ల దగ్గర నుంచే పోతుంది. సందు మారితే నాలుక కొత్త చోటు వెతుక్కోవాలి, కొన్నాళ్లు మాట జారుతుంది. డబ్బింగ్ మైకు దాన్ని దాచదు. వెనీర్లయితే, అంటే పళ్ల ముందు అతికించే పల్చటి పలకలైతే, ఇంకా భయం నాకు: వాటికోసం పంటి పైపొర ఎనామెల్ అరగదీస్తే మళ్లీ పెరగదు తల్లీ.

వేషానికి తిన్నని పళ్లే కావాలంటే అచ్చు తీసి తొడుగు చేయిస్తారు, పేకప్ అయ్యాక తీసేయొచ్చు. అది షూటింగుకు వారం ముందే చేతికి రావాలని గట్టిగా అడుగు. ఇంట్లో పెట్టుకుని డైలాగులు పైకి చదువు. లేకపోతే మొదటి రోజు నోరంతా ఉమ్మి ఊరి మాట ముద్దగా వస్తుంది.

నమలడం కష్టమైనా, దవడ నొప్పి పెట్టినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా మాత్రం ఏ వేషం కోసమూ వైద్యం ఆపకు. ఒకదాని మీద ఒకటి ఎక్కిన పళ్ల సందుల్లో ఆహారం ఇరుక్కుంటుంది, రోజూ రాత్రి దారంతో తీయి.

ఇంకొక్క భయం. నీ ముఖం చూపించి జనాన్ని నవ్వించడానికే పిలిచేవాళ్లుంటారు. ఒప్పుకునే ముందు సీను మొత్తం అడిగి చదువు. నువ్వు వేసే పాత్రకు పేరుందా? ఏదైనా కావాలనుకుంటోందా? ముఖం మీద జోకులు తీసేస్తే సీను మిగులుతుందా? మిగలకపోతే మర్యాదగా వద్దను, ఖాళీగా ఉన్నా సరే. హాలీవుడ్ నటి లిండా హంట్ ఎత్తు 4 అడుగుల 9 అంగుళాలు. 1982 నాటి సినిమాలో మగ ఫొటోగ్రాఫర్ పాత్ర వేసి ఆస్కార్ తెచ్చుకుంది. ఆ పాత్రను నవ్వుకోవడానికి రాయలేదు. ప్రేమా కోపమూ ఉన్న మనిషిగా రాశారు.

అపాయింట్‌మెంట్ మానుకోమనను. వెళ్లి పళ్లు శుభ్రం చేయించుకునిరా, అంతే. వచ్చాక నవ్వుతూ ఒక ఫొటో తీయించుకుని నాకు పంపు.

మీ పెదనాన్న