జెయింట్ వీల్ మారిందా, నేను మారానా?

ప్రశ్న: చిన్నప్పుడు నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ దిగనని ఏడ్చేవాణ్ణి. మొన్న మా పాపతో థీమ్ పార్కుకెళ్తే, గిరగిరా తిరిగే రైడ్ ఒక్కదానికే కళ్లు తిరిగాయి. 38కే ముసలాణ్ణయ్యానా? - ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: అప్పుడే ముసలితనమేమిటండీ! రైడ్ ఆగినా లోపలి చెవిలోని ద్రవం కాసేపు కదులుతూనే ఉంటుంది. కళ్లేమో ‘ఆగిపోయాం’ అంటాయి. ఆ రెండింటి తగాదాకే తల తిరుగుతుంది. పైగా ఊయల ఎక్కి ఎన్నేళ్లయిందో చెప్పండి?

1938లో మొదలైన ఆ నుమాయిష్‌లో నేనూ తెగ తిరిగినవాణ్ణే. మొన్న జలవిహార్ వాటర్ పార్కులో మనవడు అలల్లో కేరింతలు కొడుతుంటే, నా ధ్యాసంతా లాకర్ తాళంచెవి మీదే! అప్పట్లో ఆ టెన్షన్ మా నాన్నది. ఈసారి రైడ్ దిగాకే పులిహోర తినండి.