‘వెన్నుముక’ అనవచ్చా? వెన్నుపూస, వెన్నుపాము ఒకటేనా?

సందేహం: మా నాన్నగారికి నడుము నొప్పి వస్తే డాక్టర్ ఎక్స్‌రే చూసి, ‘వెన్నుపూసలు బాగానే ఉన్నాయి, కండరాలు బిగుసుకున్నాయి’ అన్నారు. ఇంట్లో మాత్రం అందరూ ‘వెన్నుపూస పట్టేసింది’ అంటున్నారు. వెన్నెముక, వెన్నుపూస, వెన్నుపాము ఒకటేనా? కొందరు ‘వెన్నుముక’ అని కూడా రాస్తున్నారు. అది తప్పా?

సమాధానం: చివర అడిగినదాన్ని ముందు తేల్చేద్దాం. ‘వెన్నుముక’ తప్పే. వెన్ను, ఎముక కలిసినప్పుడు ఉత్వసంధి వస్తుంది. మొదటి మాట చివరి ఉకారం పోయి, రెండో మాట మొదటి అచ్చు నిలుస్తుంది. కాబట్టి వెన్నెముక. ‘వెన్నుముక’లో పోవలసిన ఉ మిగిలి, ఉండవలసిన ఎ పోయింది. దాన్ని విడదీస్తే వెన్ను, ముక అని వస్తాయి. ‘ముక’కు అర్థమే లేదు. వెన్నుపూస, వెన్నునొప్పి, వెన్నుపోటు అని పలికి పలికి ‘వెన్ను’ నోటికి అలవాటైపోవడం వల్ల ఈ పొరపాటు జరుగుతోంది. ఆ మాటల్లో రెండో పదం హల్లుతో మొదలవుతుంది, అక్కడ ఉకారం పోవలసిన పని లేదు. ఎముక అచ్చుతో మొదలవుతుంది. తేడా అంతే.

వెన్ను అచ్చమైన మన మాట. కన్నడంలో బెన్ను. మన వేరు వాళ్లకు బేరు, మన వెల వాళ్లకు బెలె అయినట్టే ఇదీ. వెనుక, వెన్నంటి అనే మాటలు కూడా ఈ కుటుంబానివే.

ఇక పూస. ఇది నాకెంతో ఇష్టమైన మాట. వెన్నెముక అని ఏకవచనంలో అంటాం గానీ అది ఒక్క ఎముక కాదు. పుట్టినప్పుడు 33 పూసలుంటాయి. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5, దాని కింద 5, అట్టడుగున 4. చివరి 9 పెరిగేకొద్దీ అతుక్కుని రెండు ఎముకలవుతాయి కాబట్టి పెద్దవాళ్లలో లెక్క మామూలుగా 26కు దిగుతుంది. అట్టడుగుదాన్ని వాడుకలో ముడ్డిపూస అంటారు. పాఠ్యపుస్తకాల్లో పూసకు కశేరుక అని పేరు. సకశేరుకాలు అనే మాట దాన్నుంచే వచ్చింది. సంస్కృతంలో మొత్తం వరుసకు పృష్ఠవంశం అని మరో పేరుంది. వంశం అంటే వెదురు. కణుపు కణుపుగా ఉన్న వెదురుగడ వాళ్లకు కనిపిస్తే, మనవాళ్లకు పూసల దండ కనిపించింది. కాబట్టి ‘వెన్నుపూస’ అంటే అందులో ఒక్కటి. మొత్తాన్ని చెప్పాలంటే వెన్నెముక అనాలి.

తల ముందుకు వంచి మెడ వెనుక వేలితో తడిమి చూడండి. మెడ ముగిసి వీపు మొదలయ్యే చోట ఒక బొడిపె బాగా ఎత్తుగా తగులుతుంది. చాలామందిలో అది ఏడో పూస వెనుక కొస. అసలు పూస లోపల, ముందువైపు ఉంటుంది. పూసకు మధ్యలో రంధ్రం ఉంటుంది. ఈ రంధ్రాలన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చి గొట్టంలా ఏర్పడితే, అందులో మెదడు నుంచి దిగే నాడుల కట్ట ఉంటుంది. అదే వెన్నుపాము. సుమారు చిటికెన వేలంత మందాన, పొడుగ్గా, మెత్తగా ఉన్నదానికి పాము పోలిక చక్కగా కుదిరింది. అది అడుగు దాకా రాదు. పెద్దవాళ్లలో నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి నాడులు మాత్రమే కిందికి వేలాడుతుంటాయి. లాటిన్‌లో ఆ గుత్తికి గుర్రపు తోక అని పేరు పెట్టారు.

వార్తలు రాసేవాళ్లకు నా మనవి ఒకటి. వెన్నెముకకు దెబ్బ తగలడం వేరు, వెన్నుపాముకు దెబ్బ తగలడం వేరు. పూస విరిగినా పాముకు ఏమీ కాకపోవచ్చు. పాము తెగితే ఆ కింది భాగంలో కదలిక, స్పర్శ పోతాయి. ఒక మాటకు బదులు మరొకటి రాస్తే, చదివే కుటుంబం ఎంత టెన్షన్ పడుతుందో ఆలోచించండి.

పూసల దండను దారం పట్టి ఉంచుతుంది. ఇక్కడ మాత్రం పాము ఏ పూసనూ పట్టి ఉంచదు. ఆ పని పూసల మధ్య డిస్కులది, పూసను పూసకు కట్టే బంధాలది, కండరాలది. నడుము మీద రెండు చేతులూ ఆనించి, నిలబడిన చోటే నాలుగు అడుగులు వేయండి. మధ్యలో గాడి, దానికి అటూ ఇటూ రెండు గట్లు తగులుతాయి. అడుగు మారినప్పుడల్లా ఒక గట్టు బిగుస్తుంది, రెండోది వదులవుతుంది. ఆ గట్లే వెన్నును నిలబెట్టే కండరాలు. కటి నుంచి తల వెనుక దాకా మూడేసి పాయలుగా సాగి ఉంటాయి. వీటి అడుగున, పూసను పూసకు కలుపుతూ చిన్న చిన్న కండరాలు మరికొన్ని ఉన్నాయి. ముందువైపు పొట్ట కండరాలు కూడా సాయం పడతాయి. వెన్నుదన్ను అనే మాటను మనం మనుషుల మధ్య సాయానికే వాడుతున్నాం. శరీరంలో ఆ మాటకు తగినవి ఇవే.

వీపు, నడుము సంగతి తేలికే. వీపు భుజాల నుంచి నడుము దాకా ఉన్న వెనుక భాగం. నడుము నడుమనున్నది. అందుకే ఆ పేరు.

మీ నాన్నగారికి పట్టేసింది పూస కాదు. పూస ఎముక, బిగుసుకోవడం దాని పని కాదు. కొందరు ‘నరం పట్టేసింది’ అంటారు, చాలాసార్లు అదీ కండరమే. ‘నడుము పట్టేసింది’ అనండి. వాడుక మాట, డాక్టర్ చెప్పినదానికి సరిపోయే మాట కూడా అదే.