లీజు పట్టికలో ‘వాయిదా’, ‘అసలు’

సందేహం: మా సంస్థలోని ఖజానా నిర్వహణ సాఫ్ట్‌వేర్‌కు తెలుగులో వాడుక సూచనలు రాస్తున్నాను. లీజు చెల్లింపుల పట్టికను అందులోకి చేర్చే భాగానికి ‘కౌలు వాయిదా చెల్లింపుల దిగుమతి’ అని పేరు పెట్టాను. వాయిదా అంటే తర్వాతికి జరపడమనీ, దిగుమతి అనే మాట సరుకులకే చెల్లుతుందనీ తోటివారు అభ్యంతరం చెబుతున్నారు. ఏది సరైనది?

సమాధానం: మొదటి అభ్యంతరాన్ని తేలికగా తీసుకోకూడదు. వాయిదా అరబ్బీ మూలం నుంచి వచ్చిన మాట. అక్కడ దాని అర్థం మాట ఇవ్వడం. ఫలానా నాటికి ఇస్తానన్న మాట నుంచి ఆ నాటికి కట్టవలసిన సొమ్ము అనే అర్థమూ, ఆ నాటిని మరొక నాటికి మార్చడం అనే అర్థమూ తెలుగులో స్థిరపడ్డాయి. ‘నాలుగో వాయిదా కట్టాను’ అన్నప్పుడు మొదటి అర్థం, ‘సమావేశం వాయిదా పడింది’ అన్నప్పుడు రెండవ అర్థం ఎవరికైనా తెలుస్తాయి. ఎందుకంటే పక్కనున్న క్రియ దారి చూపుతుంది. పట్టికలోని నిలువు వరుసకు పెట్టే శీర్షికలో క్రియ ఉండదు. అక్కడ ‘వాయిదా చెల్లింపు’ అని ఉంటే, అది ఈ నెల కట్టవలసినదో, పై నెలకు జరిపినదో చదివేవారికి తేలదు. ఏ తేదీకి ఎంత నగదు సిద్ధంగా ఉంచాలో ఈ పట్టికను బట్టే అంచనా వేస్తారు కనుక ఆ సందిగ్ధతకు చోటివ్వకూడదు. ‘కిస్తీ’ అనండి. అప్పుడు లీజుకు ఇచ్చినవారు గడువు పెంచిన సందర్భాన్ని ‘వాయిదా వేసిన కిస్తీ’ అని నిస్సంకోచంగా రాయవచ్చు.

మీరు అడగకపోయినా, ఇదే పట్టికలో ఇంతకంటే ప్రమాదకరమైన మాట మరొకటి ఉంది, అది ‘అసలు’. 2019 జనవరి 1 నుంచి అమలులో ఉన్న ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16 అనే అంతర్జాతీయ లెక్కల ప్రమాణం ప్రకారం, లీజుకు తీసుకున్న సంస్థ, కొన్ని మినహాయింపులు తప్ప, ముందుముందు కట్టవలసిన సొమ్ము ప్రస్తుత విలువను, అంటే వడ్డీ తీసివేస్తే ఈనాటికి తేలే విలువను, తన బాధ్యతగా లెక్కల్లో చూపాలి. అందువల్ల కట్టే సొమ్మును వడ్డీగానూ అసలుగానూ విడదీయవలసి వస్తుంది. ‘అసలు చెల్లింపు’ అని రాస్తే అది బాధ్యతను తగ్గించే భాగమా, లేక అంచనాకు భిన్నంగా నిజంగా కట్టిన మొత్తమా? తెలుగులో రెండూ సరైన అర్థాలే. ఖజానా విభాగంలో రెండూ అవసరమైన లెక్కలే. మొదటిదాన్ని ‘అసలు కింద జమ’ అనీ, రెండవదాన్ని ‘వాస్తవంగా చెల్లించినది’ అనీ విడివిడిగా రాయడం మేలని నా దృఢమైన అభిప్రాయం.

దిగుమతి విషయంలో తోటివారితో ఏకీభవించలేను. దిగు ధాతువు నుంచి వచ్చిన ఆ మాటను, బయటి సమాచారాన్ని లోపలికి తెచ్చుకోవడానికి వాడడంలో దోషం లేదు. అయితే డౌన్‌లోడ్‌ను కూడా కొందరు దిగుమతి అంటున్నారు. అక్కడ ఫైలు సాఫ్ట్‌వేర్ నుంచి మన కంప్యూటర్‌కు వస్తుంది, ఇక్కడ మన ఫైలు సాఫ్ట్‌వేర్‌లోకి వెళుతుంది. కాబట్టి దానిని డౌన్‌లోడ్ అనే ఉంచి, దీనికి ‘లోకి’ అనే విభక్తిని తప్పక చేర్చండి: ‘లీజు కిస్తీల పట్టికను సాఫ్ట్‌వేర్‌లోకి దిగుమతి చేయడం’.

కౌలును వదిలేయండి. అదీ అరబ్బీ నుంచి వచ్చినదే కనుక అచ్చతెలుగు మాట కాబట్టి ఉంచాలని ఎవరైనా అన్నా ఆ వాదనకు బలం లేదు. పైగా ఆ మాట వినగానే సాగుభూమి గుర్తుకు వస్తుంది. యంత్రాలకూ వాహనాలకూ లీజు అనే మాటే అందరి నోటా ఉంది.

పని ముగిశాక కనిపించే సందేశంలో ‘దిగుమతి చేయబడింది’ అని రాయకండి. ‘117 కిస్తీలు దిగుమతి అయ్యాయి, తేదీ లేనందున 3 కిస్తీలు దిగుమతి కాలేదు’ అంటే తెలుగు వాక్యంలా ఉంటుంది, ఏం సరిదిద్దాలో కూడా తెలుస్తుంది.