మోటారు బలం పెంచేముందు తలుపును చేత్తో ఎత్తి చూడండి

గేట్లు, షట్టర్లు: మీ ప్రశ్నలు, అనంతపురం నుంచి జవాబులు

ప్రశ్న: మాది కడప, యర్రముక్కపల్లె. కూతురి కాన్పుకని అమెరికా వచ్చినాం, మిన్నియాపొలిస్ పక్కన ఉన్నాం. ఇక్కడ కారు పెట్టుకునే గరాజుకు బటన్ నొక్కితే లేచే తలుపు ఉంది. చలి ముదిరినప్పటి నుంచి అది మొరాయిస్తా ఉంది. కొన్ని పొద్దులు సగం దాకా దిగి మళ్లీ పైకి పోతుంది, మోటారు దగ్గర లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. మొన్న అయితే నేల విడవనే లేదు, మోటారు మూలిగి ఆగిపోయింది. ఇనుము చలికి కుంచించుకుని బిగుసుకుందంట, మోటారు బలం పెంచే స్క్రూ ఒకటుంది, తిప్పితే సరిపోతుందంటాడు అల్లుడు. పెద్ద మనవరాలికి మూడేళ్లు, ఆ గరాజులోనే సైకిలు తొక్కుతుంటుంది. నాకు భయంగా ఉంది. తిప్పమనాల్నా, వద్దనాల్నా?
– ఒక రిటైర్డ్ టీచరమ్మ

జవాబు: వద్దనండమ్మా. నా మాటగానే చెప్పండి. మీ భయం నూటికి నూరుపాళ్లు సరైనది.

మా పెద్దబ్బాయి ఉండేదీ షికాగో వైపే. ఒక చలికాలం వాళ్లింట్లో ఉన్నప్పుడు ఆ తలుపుల పనితీరు దగ్గరగా చూశాను. ఇక్కడ నేను బిగించే షట్టర్లకూ వాటికీ ఆకారంలో తేడా, సూత్రం మాత్రం ఒకటే. రెండు కార్లు పట్టే తలుపు 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉంటుంది. బరువు 70 కిలోల నుంచి వంద దాటి కూడా ఉండొచ్చు. అంత బరువును ఆ చిన్న మోటారు ఎత్తుతోందని అందరూ అనుకుంటారు. ఎత్తేది తలుపు పైన గోడకు అడ్డంగా ఉండే లావుపాటి స్ప్రింగు. ఏతం మాను మీద అటు చివర నిలబడి బరువు కాసే మనిషి పని దానిది. మోటారు కాస్త ముందుకూ వెనక్కూ నడిపిస్తుంది, అంతే.

కాబట్టి తలుపు కదలకపోతే ముందుగా చూడాల్సింది మోటారును కాదు. తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు, మోటారు పట్టాల నుంచి వేలాడే ఎర్ర తాడును లాగమనండి. తలుపు మోటారు నుంచి విడిపోతుంది. సగం లేచి ఉన్నప్పుడు మాత్రం ఆ తాడు లాగకూడదు. స్ప్రింగు తెగి ఉంటే తలుపు మొత్తం ఒక్కసారిగా కింద పడుతుంది. విడదీశాక అల్లుడి గారిని రెండు చేతులతో మెల్లగా ఎత్తమనండి. స్ప్రింగు బాగుంటే పెద్దగా శ్రమ లేకుండా లేస్తుంది, నడుము ఎత్తులో వదిలితే ఉన్నచోటే నిలబడుతుంది. ఈ పరీక్ష చేసేటప్పుడు పాప ఇంట్లో, మీ ఒళ్లో ఉండాలి.

నేల నుంచే రాకపోతే అడుగున ఉన్న రబ్బరు పట్టీ మంచుకు అతుక్కుందని అర్థం. మీరు మొన్న చూసింది ఇదే అయ్యుంటుంది. బయట తిరిగొచ్చిన కారుకు పట్టిన మంచు లోపల కరుగుతుంది. ఆ నీళ్లు వాలు వెంట తలుపు కిందికి చేరి, రాత్రి మైనస్ 20కి పోయేసరికి రాయిలా గడ్డకడతాయి. బటన్ మీద బటన్ నొక్కితే రబ్బరు చిరుగుతుంది, లేదా మోటారులోని ప్లాస్టిక్ పళ్లచక్రం అరిగిపోతుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో ఆ అంచు వెంబడి వేడి గాలి పట్టండి, ప్లాస్టిక్ గరిటె లాంటిదానితో మంచును వదులు చేయండి. వేడి నీళ్లు పోయొద్దు, అవీ అక్కడే గడ్డకడతాయి. తలుపు లేచాక రబ్బరునూ గడపనూ బట్టతో పొడిగా తుడిచి, రబ్బరుకు సిలికాన్ స్ప్రే కొట్టండి. రోజూ కారు లోపలికి రాగానే చక్రాల కింద చేరిన నీళ్లను బయటికి ఊడ్చేస్తే ఈ బాధ చాలావరకు పోతుంది.

రబ్బరు వదిలినా తలుపు గుండులా బరువుగా ఉంటే వెంటనే వదిలేసి పైన స్ప్రింగును చూడండి. చుట్ల మధ్య ఎక్కడైనా రెండు వేళ్లు పట్టేంత ఖాళీ కనబడితే అది తెగినట్టే. మామూలు స్ప్రింగును 10,000 సార్లు తెరిచి మూసే లెక్కన తయారుచేస్తారు. రోజుకు నాలుగుసార్లు వాడితే ఏడేళ్లకు దాని ఆయుష్షు తీరుతుంది. ఆ చివరి దశలో ఉన్నవి ఎక్కువగా చలి పొద్దుల్లోనే తెగుతాయి, తుపాకీ పేలినంత చప్పుడు చేస్తాయి. దాన్ని మార్చడం ఇంట్లో చేసే పని కాదమ్మా. మెలిపెట్టి ఉన్న స్ప్రింగు జారితే చేతి ఎముకలు విరుగుతాయి. డబ్బులు పోయినా సరే, ఆ పని తెలిసిన మనిషినే పిలవండి.

ఇక సగం దిగి మళ్లీ పైకి పోవడం. లైటు ఆరి వెలుగుతోందన్నారు చూడండి, ఆ ఒక్క మాటతో సగం జవాబు మీరే ఇచ్చారు. తలుపుకు రెండు వైపులా, నేల నుంచి ఆరు అంగుళాల లోపు ఎత్తులో, ఎదురెదురుగా రెండు చిన్న కళ్లు ఉంటాయి. ఒకటి కిరణం పంపుతుంది, రెండోది అందుకుంటుంది. మధ్యలో ఏదైనా అడ్డం వస్తే దిగుతున్న తలుపు వెనక్కి పోతుంది. తలుపుల కింద పిల్లలు నలిగిపోయిన దుర్ఘటనల తర్వాత, 1993 నుంచి తయారైన ప్రతి ఇంటి మోటారుకూ ఇలాంటి రక్షణ ఉండి తీరాలని అమెరికాలో చట్టం చేశారు. చలికాలంలో ఆ కళ్ల మీద ఆవిరి పడుతుంది, సన్నని మంచు పొర కడుతుంది, పార తగిలి ఒకటి పక్కకు తిరుగుతుంది. మెత్తటి బట్టతో తుడవండి. అందుకునే కన్ను మీది చిన్న లైటు నిలకడగా వెలిగేదాకా దాన్ని అటూ ఇటూ మెల్లగా సర్దండి. ప్రతిరోజూ ఒకే వేళకు మొరాయిస్తుంటే ఎండను అనుమానించాలి. ఆ దేశంలో చలికాలపు సూర్యుడు ఎత్తుకు రాడు, వాలుగా వచ్చి నేరుగా ఆ కంట్లో పడతాడు. అట్టముక్కను గొట్టంలా చుట్టి దాని చుట్టూ తొడిగితే చాలు. కళ్లు సతాయిస్తున్నాయని వాటి తీగలు కలిపేసి పని నడిపించేవాళ్లను నేను చూశాను. మీ ఇంట్లో ఎవరినీ ఆ పని చేయనివ్వకండి.

తలుపు నేలను తాకిన తర్వాత వెనక్కి పోతుంటే లెక్క వేరు. గడప మీద మంచు దిమ్మ కట్టి ఉంటుంది, దాన్ని గోకేయండి.

ఇనుము కుంచించుకుపోతుందన్న మాట అబద్ధం కాదు గానీ, ఎంత? మీటరు ఇనుము 40 డిగ్రీలు చల్లబడితే తగ్గేది అర మిల్లీమీటరు. 7 అడుగుల తలుపు మొత్తానికి ఒక మిల్లీమీటరు. పట్టాలూ అదే ఇనుము, అవీ దాంతోపాటే తగ్గుతాయి. బిగుసుకునేది గ్రీజు. పాత గ్రీజు ఆ చలికి మైనంలా గట్టిపడి చక్రాలను పట్టేస్తుంది. పట్టాల లోపలి గ్రీజును గుడ్డతో పూర్తిగా తీసేయండి, అక్కడ ఏదీ పూయక్కర్లేదు. చక్రాల బేరింగులకూ, కీళ్లకూ, స్ప్రింగు మీదా సిలికాన్ స్ప్రే గానీ తెల్ల లిథియం స్ప్రే గానీ పలుచగా కొట్టండి. స్ప్రే కొట్టడం వరకే, స్ప్రింగు బోల్టుల జోలికి పోవద్దు.

ఇప్పుడు ఆ స్క్రూ సంగతి. దిగేటప్పుడు ఎంత అడ్డు తగిలితే తలుపు ఆగి వెనక్కి పోవాలో చెప్పేది అదే. దాన్ని పెంచితే తలుపు మంచును తోసుకుని దిగుతుంది, నిజమే. పాప కాలు అడ్డం వచ్చినా అంతే తోస్తుంది. ఎవరైనా ఇదివరకే తిప్పి ఉంటే ఒక పరీక్ష చేయండి. ఒకటిన్నర అంగుళం మందం ఉన్న చెక్కను గడప మధ్యలో పడుకోబెట్టి తలుపు దించండి. చెక్కను తాకగానే వెనక్కి లేవాలి. లేవకపోతే, సరిచేయించేదాకా మోటారు ప్లగ్గు పీకేసి చేత్తోనే వాడుకోండి.

ప్రశ్న: కర్నూలు, నంద్యాల చెక్‌పోస్టు దగ్గర మా ఇల్లు. కింద కారుకు స్ప్రింగుల షట్టరు ఉంటే దానికే మధ్యలో మోటారు పెట్టించినాం. ధనుర్మాసం వచ్చిందంటే తెల్లారి అయిదుకు నొక్కితే హుమ్మంటుంది, లేవదు. మధ్యాహ్నం చక్కగా పోతుంది. మోటారు మార్చాలంటున్నారు. మార్చమంటారా, అన్నా?

జవాబు: ఇప్పుడే మార్చొద్దు తమ్ముడూ. కర్నూలు చలికి ఏదీ గడ్డకట్టదు. మీకూ చెప్పేది అదే: మోటారును విడదీసే తీగ లాగి, తెల్లారి ఆ వేళకే చేత్తో ఎత్తి చూడు.

బరువుగా వస్తే గైడులు, అంటే షట్టరు అంచులు జారే రెండు పక్కల గాడులు చూడు. షట్టరు కిర్రుమన్నప్పుడల్లా మనవాళ్లు నల్ల గ్రీజో, వాడేసిన ఇంజిన్ ఆయిలో గైడులో పూసి పోతారు. దాని మీద మీ రోడ్డు దుమ్ము, బేతంచెర్ల బండలు కోసే పొడి పడి, ముద్దయి, పొద్దుటి చలికి గట్టిపడుతుంది. ఎండెక్కితే మెత్తబడుతుంది, అందుకే మధ్యాహ్నం లేస్తోంది. మెయిన్ ఆపేసి, కిరసనాయిలు తడిపిన గుడ్డతో కింద నుంచి పైదాకా తుడిచి, ఆరనిచ్చి, మామూలు కొవ్వొత్తిని గైడు లోపలి అంచు మీద గట్టిగా రుద్దు. మైనానికి దుమ్ము అంతగా అంటదు. డబ్ల్యూడీ-40 కొడితే తుప్పు, జిడ్డు వదులుతాయి గానీ అది నిలిచే నూనె కాదు. కొట్టినా తర్వాత తుడిచేయాలి.

చేత్తో తేలికగా లేస్తే అనుమానం కెపాసిటరు మీద. మోటారు మొదటి తిప్పు తిరగడానికి ఊపిచ్చేది అదే. పాతబడి బలం తగ్గితే హుమ్మనడమే మిగులుతుంది. పైభాగం ఉబ్బి ఉంటే చూడగానే తెలుస్తుంది. కరెంటు ఆపినా అందులో షాకు నిలిచి ఉంటుంది, కాబట్టి ఎలక్ట్రీషియన్ చేతనే మార్పించు. దాని మీద రాసిన మైక్రోఫారడ్ల అంకె, వోల్టుల అంకె చూసి అదే రకం వేయమను. ఖర్చు మోటారు ధరలో చిన్న భాగమే.

ఇంకొకటి. తెల్లారి అయిదుకంటే వీధి మొత్తం గీజర్లు వేసే వేళ. ఆ సమయానికి మీటరు పెట్టి వోల్టేజి చూడమను. బాగా తగ్గి ఉంటే పాత కెపాసిటరుకు అది ఇంకో దెబ్బ. హుమ్మంటున్నప్పుడు బటన్ మీద వేలు ఉంచొద్దు. లోపలి చుట్టు కాలిపోతే, ఇప్పుడు మార్చమంటున్నవాళ్ల మాటే నిజమైపోతుంది.

ప్రశ్న: అనంతపురం కమలానగర్. పక్కకు జరిగే గేటు మాది. రిమోటు పొద్దున పూట గేటు ముందుకొచ్చి నొక్కితేనే పనిచేస్తుంది. పగలు వీధి మలుపు నుంచే తెరుచుకుంటుంది.

జవాబు: రిమోటులో సెల్లు మార్చండి. చాలా గేటు రిమోటుల్లో 23ఏ అని రాసి ఉండే 12 వోల్టుల చిన్న సెల్లు ఉంటుంది. కొన్నింట్లో రూపాయి బిళ్లంత సెల్లు. పాతబడిన సెల్లు చల్లబడితే ఇంకా నీరసిస్తుంది. జేబులో కాసేపు పెట్టుకుని నొక్కండి, దూరం నుంచి పనిచేస్తే తప్పు సెల్లుదేనని తేలిపోతుంది.

కొత్త సెల్లు వేసినా అంతే ఉంటే గేటు మోటారు పెట్టె మూత తీసి చూడండి, కరెంటు ఆపేసి. చలికాలంలో వెచ్చగా ఉంటుందని చీమలూ బల్లులూ అందులో చేరతాయి. బోర్డు మీద బల్లి అడ్డంపడి చచ్చిన గేట్లు మన ఊళ్లో చాలా చూశాను. మెత్తటి బ్రష్షుతో దులిపి, యాంటెన్నా తీగ ఊడిందేమో చూసి, తీగలు లోపలికి పోయే రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసేయండి. పెట్టె అడుగున నీళ్లు కారడానికి ఉన్న చిన్న తూటును మాత్రం మూయకండి, దానికి సన్నని జాలీ ముక్క అతికించండి.