తుప్పును ఇంగ్లీషులో ఏమంటారో తట్టకపోతే?

ప్రశ్న: టెన్త్ వరకు తెలుగు మీడియం. ఇప్పుడు మెకానికల్ డిప్లొమా ఫైనలియర్. సబ్జెక్టు బాగానే వచ్చు కానీ ఇంగ్లీషులో చెప్పమంటే మాటలు దొరకవు. రోజుకు ఇరవై పదాలు బట్టీ పడుతున్నా, ఇంటర్వ్యూలో ఒక్కటీ గుర్తుకు రావడం లేదు. ఏం చేయాలి?
- ఒక విద్యార్థి, నిజామాబాద్

జవాబు: ముందు ఆ ఇరవై పదాల బట్టీ ఆపేయండి. మీకు కావాల్సింది కొత్త మాటలు కాదు, ఉన్న మాటలతో నెట్టుకొచ్చే అలవాటు.

మొన్నో మాక్ ఇంటర్వ్యూలో మీలాంటి కుర్రాడినే, పైపు ఎందుకు లీకైందని అడిగాను. తుప్పు పట్టిందని అతనికి తెలుసు. 'రస్ట్' అన్న మాటే తట్టలేదు. అర నిమిషం ఫ్యాను వంక చూసి "సారీ సర్" అన్నాడు. వాటర్, ఐరన్, రెడ్, వీక్... ఇవి రానివాడా? "వాటర్ మేడ్ ద ఐరన్ రెడ్ అండ్ వీక్. నౌ ఇట్ హ్యాజ్ ఎ హోల్" అంటే సరిపోయేది. "ఓ, రస్టా!" అని నేనే అందించేవాణ్ని. అలా అందిన మాటను వెంటనే తర్వాతి వాక్యంలో వాడేయాలి. ఇక అది మర్చిపోమన్నా మర్చిపోరు.

ఇదేదో చేతకానివాళ్ల చిట్కా అనుకోకండి. 1930లో సి.కె. ఆగ్డెన్ అనే బ్రిటిష్ పండితుడు 850 పదాలతో 'బేసిక్ ఇంగ్లీష్' తయారుచేశాడు. అందులో క్రియలు 18 మాత్రమే. 'ఎంటర్' లేదు, 'గో ఇన్' అంటే సరి. మీ బ్రాంచికి ఇంకా దగ్గరి సంగతి చెబుతాను. విమానాల మెయింటెనెన్స్ మాన్యువల్స్‌ను 'సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్'లో రాస్తారు. పార్టుల పేర్లు, టెక్నికల్ మాటలు పక్కనపెడితే, వాడదగ్గ పదాలు దాదాపు 900. 'బిగిన్', 'కమెన్స్' కుదరవు, 'స్టార్ట్' ఒక్కటే. చేయాల్సిన పని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదు. చదివే మెకానిక్ తికమకపడితే ప్రమాదం కదా మరి.

మీ వర్క్‌షాపులోనే సాధన మొదలుపెట్టండి. రోజుకో వస్తువు తీసుకుని, పేరు చెప్పకుండా వర్ణించండి, పక్కవాడు కనిపెట్టాలి. ఆకురాయి అనుకోండి: "ఎ లాంగ్ స్టీల్ టూల్. ఇట్ ఈజ్ రఫ్. వుయ్ మేక్ మెటల్ స్మూత్ విత్ ఇట్." రెండు వారాల్లో తడబాటు తగ్గడం మీకే తెలుస్తుంది. టూల్స్ పేర్లు, కొలతలు, మీ ప్రాజెక్టులో వచ్చే పదాలు మాత్రం నేర్చుకోక తప్పదు. అక్కడ డొంకతిరుగుడు పనికిరాదు.

ప్రశ్న అర్థం కానప్పుడు తల ఊపేయడం మనవాళ్లకు పెద్ద జబ్బు. "కుడ్ యు సే దట్ అగైన్, సర్?" అని అడిగితే మార్కులేమీ పోవు.

వాయిస్ కాల్ సెంటర్ ఉద్యోగాలకు ఈ పద్ధతి ఒక్కటే చాలదు, ధారాళంగా మాట్లాడాలి. ప్రొడక్షన్, మెయింటెనెన్స్ వైపు వెళ్లే ఆలోచనైతే, ఆ లీకైన పైపు గురించి ఈ రాత్రే నాలుగు వాక్యాలు పైకి చెప్పి, ఫోన్లో రికార్డు చేసుకుని వినండి.