‘వుదరింగ్ హైట్స్’లో బీడునేలకూ పాత్రలకూ ఉన్న సంబంధం ఏమిటి?

ఎమిలీ బ్రాంటీ నవల ‘వుదరింగ్ హైట్స్’ (1847)లోని బీడునేల, హోరుగాలి వర్ణన కోసమే కాదు. ఎత్తున నిలిచిన ‘వుదరింగ్ హైట్స్’ అనే ఇంటిని గాలివానలో చుట్టుముట్టే హోరుకు ‘వుదరింగ్’ అన్నది స్థానికపు మాట అని, ఆ ప్రాంతానికి అద్దెకు వచ్చి కథ చెప్పే లాక్‌వుడ్ ఆరంభంలోనే చెబుతాడు. ఆ ఇంటి పక్కన గిడసబారిన చెట్లు, ఎండను యాచిస్తున్నట్లు ఒకేవైపు కొమ్మలు చాచిన ముళ్లచెట్లు అతనికి కనిపిస్తాయి. కొత్తపట్నం తీరాన సముద్రపు గాలిలో సరుగుడు తోటల హోరు విన్న మా ఒంగోలు ప్రాంతపు పాఠకులకు ఈ దృశ్యం వెంటనే మనసుకెక్కుతుంది.

అసలు కీలకం తరువాత వస్తుంది. చిన్ననాట తనను హింసించిన హిండ్లీ మరణించాక, అతని కొడుకు హేర్టన్‌ను చేజిక్కించుకున్న హీత్‌క్లిఫ్ (ఆ ఇంట పెంపకానికి తెచ్చిన అనాథ), అదే గాలి మెలితిప్పితే ఈ చెట్టు కూడా అంత వంకరగానే పెరగదా, చూద్దామంటాడు. ఇక్కడ గాలి అంటే క్రూరత్వం, చెట్టు అంటే అందులో పెరిగే బిడ్డ. ప్రతీకార కథంతా ఆ ఒక్క మాటలో ఇమిడి ఉందని నా నమ్మకం. లోయలోని మరో ఇల్లు థ్రష్‌క్రాస్ గ్రేంజ్ మాత్రం అందులో ఉండే లింటన్ కుటుంబపు మృదుస్వభావానికి తగినట్లే ఉంటుంది. నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం చివరి ఘట్టం: గ్రేంజ్ నుంచి మొక్కలు తెచ్చి నాటాలని, లింటన్ల ఇంటి అమ్మాయి చిన్న కాథరిన్ మాట మీద హేర్టన్ వుదరింగ్ హైట్స్ తోటలోనే పాత పొదలను తొలగిస్తాడు.